కత్తెర పైపు కోసిన రోజు

ఆ కారు మా షెడ్డుకు మొదటిసారి వచ్చిన రోజు ఉదయం తొమ్మిదీ పదికి షట్టర్ ఎత్తాం. అది ఎప్పటిలాగే సగంలో ఇరుక్కుంది. నేను కింద భుజం ఆనించి నెడుతుంటే నా భాగస్వామి కాలి చెప్పు తీసి పక్క పట్టీ మీద రెండు దెబ్బలు వేశాడు. చెప్పుదెబ్బ పడితేగానీ మా షట్టర్ కదిలేది కాదు. గ్రీజు పెడితే పోయే జబ్బే. ఊరందరి బండ్లకూ గ్రీజు పెట్టిన మేము దానికి మాత్రం ఎప్పుడూ పెట్టలేదు.

మొన్న ఐటీఐ చదివే కుర్రవాడొకడు ఎవరి దగ్గరో నా నంబరు తీసుకుని ఫోన్ చేశాడు. రెండు పైపుల స్పోర్ట్స్ కారుకు మధ్యలో హెచ్ ఆకారంలో అడ్డ పైపు వేస్తే మంచిదా, ఎక్స్ ఆకారంలో కలిపితే మంచిదా అని అడిగాడు. వీడియోల్లో తలా ఒకటి చెబుతున్నారట. ఆలోచించి చెబుతానని పెట్టేశాను. అప్పటి నుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. ఈ గదిలో నుంచి ఆ గదిలోకి తిరుగుతున్నాను. రోడ్డు మీద ఏ బండి పోయినా కిటికీ దగ్గరికి వెళ్తున్నాను. ఫోన్‌లో చెప్పగలిగే జవాబు కాదది. అందుకని రాస్తున్నాను. ఈ పనిలోకి వస్తున్న మిగతా పిల్లలకు కూడా పనికొస్తే సంతోషం.

మా షెడ్డు కోరుట్లలో, జగిత్యాల రోడ్డు మీద ఉండేది. సైలెన్సర్ల పని. మేమిద్దరం. పైపు కోయడం, వంచడం నాది. వెల్డింగు అతనిది. అతన్ని నేను భాయ్ అనేవాణ్ణి. అతనిది ఇంట్లో ఉర్దూ, షెడ్డులో మా తెలుగు. సొరుగులో ఎప్పుడూ ఒక పుస్తకం ఉంటుందని అతను నన్ను పంతులు అనేవాడు. వయసులో ఉన్నన్నాళ్లూ షార్జాలో కార్ల గ్యారేజీలో చేసి, మోకాళ్లు మొరాయిస్తే తిరిగొచ్చాడు. అక్కడ రోజూ పెద్ద పెద్ద కార్ల కింద పడుకున్న మనిషి, ఇక్కడ ట్రాక్టర్లు, జీపులు, ఆటోలు, బడి బస్సుల కింద పడుకోవలసి వచ్చింది. వాటన్నిటికీ ఒకే పైపు. "గీడ బండ్లన్ని ఒంటి ముక్కుయే, పంతులూ" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు కానీ, ఆ మాట అన్న ప్రతిసారీ చేతులు తుడుచుకునేవాడు.

మాకొక పద్ధతి ఉండేది. అది అతను పెట్టిందే. పని అయ్యాక ఒకరు బండి నడుపుకుంటూ షెడ్డు ముందు నుంచి అటూ ఇటూ తిరగాలి. ఇంకొకరు బండికి వీపు పెట్టి, ఎదురుగా ఉన్న కాంపౌండు గోడ వైపు తిరిగి నిలబడి వినాలి. కొత్త పైపు మెరుస్తూ కనిపిస్తే చెవి మెత్తబడుతుందని, చూస్తూ విన్నది లెక్క కాదని అతని వాదన. గోడ దగ్గర నిలబడ్డ మనిషి చెయ్యి ఎత్తితేనే బండి ఇచ్చేవాళ్లం. అటుగా పోయేవాళ్లు, "ఏం పంతులూ, ఇయ్యాల హోంవర్క్ చెయ్యలేదా?" అని అడిగేవాళ్లు. బడిలో గోడకు నిలబెట్టిన పిల్లవాడిలా ఉండేవాణ్ణి మరి.

ఆ ఉదయం షట్టర్ ఎత్తి ఊడ్చుకుంటుంటే ఆ కారు వచ్చింది. రెండు తలుపుల కారు, పొడుగాటి ముక్కు, ఎనిమిది సిలిండర్ల ఇంజను. హైదరాబాదులో ఎవరో వాడి వదిలేసినది. దాన్ని తెచ్చుకున్న అతను సిరిసిల్లవాడు. ముప్పై దాటి ఉంటాయి. చిన్నప్పుడు సాంచాలు నడిపాడు. పవర్‌లూములను సిరిసిల్లలో సాంచాలంటారు. తర్వాత డ్రైవరయ్యాడు. ఇప్పుడు ఈ కారును పెళ్లిళ్లకు, పెళ్లికి ముందు తీసే వీడియోలకు కిరాయికి ఇస్తున్నాడు. ధర్మపురిలో గోదావరి గట్టున ఒక జంటను ఎక్కించుకుని తిప్పుతుంటే కింద నుంచి బుస్సుమని గాలి కొట్టడం మొదలైందట. సిరిసిల్లలో ఎవరూ ముట్టుకోకపోతే మా పేరు చెప్పారట.

ర్యాంపు ఎక్కించి చూశాం. ఇంజను రెండు పక్కల నుంచి రెండు పైపులు వెనక్కి పోతున్నాయి. మధ్యలో ఆ రెంటినీ కలుపుతూ జానెడు అడ్డ పైపు ఉంది. అది తుప్పు తిని పగిలింది.

"ఎవడో మధ్యల ఆపు ఏసిండు, పైపులు ఊగకుంట" అన్నాను నేను. "కోసి పారేసి రెండు దిక్కుల మూసేద్దాం."

భాయ్ ర్యాంపు కింద నిలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. "బుక్కులు చదివి చదివి ఖరాబైనవ్ పంతులూ. గది ఆపు కాదు. గది పీకేస్తె గీ బండికి గొంతే ఉండది."

ఆ తర్వాత విడమరచి చెప్పాడు. ఇలాంటి ఇంజనులో ఒక్కో పక్క నాలుగు సిలిండర్లు. ఎనిమిదీ కలిపి చూస్తే సమంగా పేలుతాయి. కానీ ఒక పక్క నాలుగింటినే తీసుకుంటే సమంగా పేలవు. వెంటవెంటనే రెండు, కాస్త ఆగి ఒకటి, ఇలా ఎగుడుదిగుడుగా ఉంటుంది. రెండు పైపులూ దేనికది విడిగా పోతే ఆ ఎగుడుదిగుడంతా బయట గరగరమంటుంది. మధ్యలో అడ్డ పైపు పెడితే ఒక పక్క ఒత్తిడి కొంత రెండో పక్కకు పోతుంది. గరగర తగ్గి లావుపాటి గుడగుడ మిగులుతుంది. అదే రెండు పైపులనూ దగ్గరికి వంచి ఒకదానిలోకి ఒకటి కలిపి మళ్లీ విడదీస్తే, ఎక్స్ ఆకారంలో, రెండు పక్కల పొగా పూర్తిగా కలిసిపోతుంది. ఎగుడుదిగుడు పోతుంది. చప్పుడు సన్నబడి, సాఫీ అయి, పైకి లేస్తుంది.

ఇదంతా చెబుతూ అతను ఆ పైపులను తడుముతూనే ఉన్నాడు. షార్జాలో అలాంటివి ఎన్నో వేశాడు. ఇక్కడికి వచ్చాక ఒక్కటీ వెయ్యలేదు. మళ్లీ రెండు ముక్కుల బండి మా షెడ్డుకు వస్తుందన్న నమ్మకం అతనికీ లేదు, నాకూ లేదు. "గీ అడ్డ పైపు మల్ల ఏసుడెందుకు తమ్మీ? కత్తెర ఏస్త. సప్పుడు సాఫ్ ఐతది. వీడియోలోల్లు నీ ఎంబడి పడ్తరు" అన్నాడు. ఎక్స్ పైపును అతను కత్తెర అనేవాడు.

సిరిసిల్ల అతనికి మాట నచ్చింది. పెళ్లివాళ్లు అడిగేది అలాంటి చప్పుడేనన్నాడు. కానీ ఒక్క క్షణం ఆగి, "మొత్తమే మారుతదా చాచా? ఇంట్ల మా బాపు గీ సప్పుడుకు అలవాటైండు" అన్నాడు.

"ఇంత కన్న మంచిదానికి అలవాటైతడు తీయ్" అన్నాడు భాయ్. ముగ్గురం నవ్వాం. నేను పైపు కొలత తీసుకోవడం మొదలుపెట్టాను.

స్టీలు పైపు వంపులు కోరుట్లలో దొరకలేదు. నేను బస్సులో జగిత్యాల పోయి తెచ్చాను. నేను వచ్చేసరికి భాయ్ రెండు పైపులకూ పొడుగునా మామూలు నల్ల రంగు పూసి ఇంజను నడిపిస్తున్నాడు. ఇంజను వైపు నుంచి రంగు కాలి పొక్కుతూ వస్తుంది. ఒక చోట ఆగుతుంది. కలపవలసింది అక్కడ. ఇది తెలుసుకోవడానికి పెద్ద చోట్ల ఏవో యంత్రాలు ఉంటాయి. మా దగ్గర రంగు డబ్బా ఉండేది.

కత్తెర వెయ్యడం కష్టం. రెండు వంపులనూ కలిసే పక్క ఏటవాలుగా కోసి, కోసిన నోళ్లు ఒకదానికొకటి అతికేలా ఆకురాయితో రాకాలి. వెంట్రుకంత సందు ఉన్నా వెల్డింగు లోపలికి కారి గడ్డ కడుతుంది, పొగ దానికి కొట్టుకుంటుంది. నేను కోసి ఇస్తే అతను వెలుతురుకు పెట్టి చూసి వెనక్కి ఇచ్చేవాడు. మళ్లీ రాకేవాణ్ణి. మళ్లీ వెనక్కి. ఇంకెవరైనా అయితే విసుక్కునేవాణ్ణి. అతను ఆ రోజు చాయ్ కూడా తాగలేదు. నాలుగు చోట్ల టాకాలు, అంటే చుక్కల్లాంటి చిన్న అతుకులు, వేసి, చుట్టూ తిరిగి చూసి, అప్పుడు వెల్డింగు మొదలుపెట్టాడు. అతను వెల్డింగు అద్దం తీశాక ఆ అతుకు చూశాను. మా షెడ్డులో అంత శుభ్రమైన అతుకు అంతకు ముందు లేదు, తర్వాతా లేదు.

నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. కారు వెనక నుంచి పోయింది, మళ్లీ వచ్చింది. ఇంతకు ముందు ఇద్దరు ఒకరి మాటకు ఒకరు అడ్డం వస్తున్నట్టుండేది, ఇప్పుడు ఒక్కరే మాట్లాడుతున్నట్టుంది. చెయ్యి ఎత్తాను. భాయ్ కారు దిగి, ఆ చప్పుడును ఫోన్‌లో రికార్డు చేసి షార్జాలో ఉన్న పాత జతగాళ్లకు పంపాడు. జవాబులు వచ్చినప్పుడల్లా నాకు చూపించాడు. సిరిసిల్ల అతను రోడ్డు మలుపు దాకా గేరు మార్చకుండా లాగుతూ పోయాడు. మేము వింటామనే అలా పోయాడు.

కొన్నాళ్లకు అతను మళ్లీ వచ్చాడు. కారులో కాదు, బస్సులో. స్టూలు మీద కూర్చుని చాలాసేపు చేతులు చూసుకున్నాడు. ఏదైనా పగిలిందా అని అడిగితే లేదన్నాడు. పైపు మంచిగానే ఉందన్నాడు.

అతను చెప్పింది ఇది. వాళ్ల నాన్న చిన్న వయసు నుంచి సాంచాల మీదే బతికిన మనిషి. రోజంతా ఆ మోతలో నిలబడి నిలబడి చెవులు పోయాయి. కరీంనగర్‌లో డాక్టరు పరీక్ష చేసి, సన్నటి చప్పుళ్లన్నీ పోయాయని, లావు చప్పుళ్లు కొంచెం మిగిలాయని చెప్పాడట. మాట వినబడదు. టీవీ వినబడదు. చెవి మిషను పెడితే మోత తప్ప మాట తెలియడం లేదని తీసి పడేశాడు. ఇంట్లో ఆయనకు వినబడేది కారు ఒక్కటే. అది సందు మలుపు తిరగగానే లేచి వచ్చి గేటు తీసేవాడు. కొడుకు వచ్చేది ఆయనకు ముందు తెలిసేది, తర్వాతే కోడలికి. రోజు మొత్తంలో ఆయన ఇంట్లోవాళ్ల కంటే ముందుండే పని అదొక్కటే.

కత్తెర వేసి తీసుకుపోయిన నాడు ఆయన లేవలేదు. నిద్రపోయాడనుకున్నారు. మర్నాడూ లేవలేదు. తర్వాతొకనాడు సందులో కారు వెనక్కి తీస్తుంటే ఆయన సరిగ్గా దాని వెనక ఉన్నాడు. ఇంతకు ముందైతే పక్కకు జరిగేవాడు. కోడలు పరుగెత్తి చెయ్యి పట్టి లాగింది. అప్పటి నుంచి ఆయన వాకిట్లో కూర్చోవడం మానేశాడు. నలుగురితో కలిసి తినడమూ మానేశాడు.

"పైపు మార్చినమని చెప్పలేదా?" అన్నాను.

"ఎట్ల చెప్పాలె? బాపుకు చదువు రాదు. కింద చూపెట్టి సైగ చేసిన. నన్ను సముదాయిస్తున్నవు తీయ్ అన్నట్టు నా భుజం తట్టిండు." అతను తల ఎత్తాడు. "మిగిలిన చెవులు గూడ పోయినయ్ అనుకుంటుండు చాచా. ఇంక నాతోని ఏం పనని గోడ దిక్కు తిరిగి పంటుండు."

భాయ్ మొహం ముడుచుకుపోయింది. చప్పుడు తగ్గలేదు, పెరిగిందని అన్నాడు. మీటరు పెట్టి చూసుకోమన్నాడు. కావాలంటే లారీ హారను బిగిస్తానన్నాడు. సందులోకి వచ్చినప్పుడల్లా లారీ హారను కొడితే ముందు చుట్టుపక్కలవాళ్లు కొడతారని నేనన్నాను. భాయ్ నవ్వలేదు. పాత అడ్డ పైపు లాంటిదే మళ్లీ వేద్దామన్నాను. "నీకు పైపు వంచుడు తెలుసు, గంతే" అన్నాడు. అతను ఆ మాట నాతో అనడం అదే మొదలు. సిరిసిల్ల అతను మా ఇద్దరినీ చూసి, తను రాకుండా ఉండవలసిందనుకున్నట్టు లేచి నిలబడ్డాడు. ఆ సాయంత్రం షట్టర్ దించేటప్పుడు భాయ్ చెప్పుతో కొట్టిన దెబ్బకు పట్టీ సొట్టపోయింది.

మర్నాడు పొద్దున నేను వచ్చేసరికి అతను షట్టర్ ఎత్తకుండా బయటే నిలబడి ఉన్నాడు. "నడువు, సిరిసిల్ల పోదాం. నేను సూడాలె" అన్నాడు.

బస్సులో దారి పొడుగునా తన వాదన తనే చెప్పుకుంటూ వచ్చాడు. వయసు మీద పడింది, చెవులు మొత్తమే పోయి ఉంటాయి, దానికి పైపేం చేస్తుంది అన్నాడు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. అతని మాట నిజమైతే బాగుండునని కూడా అనుకున్నాను. అప్పుడు కత్తెర మిగిలేది.

వాళ్ల ఇల్లు సందు చివర. పక్క షెడ్డులో సాంచాలు నడుస్తున్నాయి. పెద్దాయన లోపల తక్కువ ఎత్తు బల్ల మీద, గేటుకు వీపు పెట్టి, గోడ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. మేము రోజూ నిలబడినట్టే. అది చూసి నేను భాయ్ వైపు చూశాను. అతను నా వైపు చూడలేదు.

కొడుకు కారు తీసుకుని సందు బయటికి పోయి తిరిగి వచ్చాడు. మా ఇద్దరికీ స్పష్టంగా వినబడింది. గేటు ముందు దాకా వచ్చి ఆగింది. పెద్దాయన కదల్లేదు. ఇంకోసారి తెచ్చాడు. కదల్లేదు. భాయ్ నా మోచెయ్యి పట్టుకుని, "సూసినవా? మొత్తమే పోయినయ్" అన్నాడు. గెలిచిన గొంతు కాదది.

అంతలో నీళ్ల ట్యాంకరు లాక్కుంటూ ఒక పాత ట్రాక్టరు సందులోకి తిరిగింది. గుడగుడలాడుతూ ఇంకా దూరంగానే ఉంది. పెద్దాయన తల లేచింది. బల్ల మీద చెయ్యి ఆనించి గబగబా వెనక్కి తిరిగి గేటు వైపు చూశాడు. ట్రాక్టరు గేటు దాటి పోయింది. కాసేపు అలాగే చూసి మళ్లీ గోడ వైపు తిరిగాడు.

భాయ్ నా మోచెయ్యి వదిలేశాడు.

లోపలికి పోయి పెద్దాయన ముందు, నొప్పి మోకాళ్లతోనే, గొంతుక్కూర్చున్నాడు. వేలితో తన గుండె చూపించాడు. కారు కింది భాగం చూపించాడు. రెండు చేతుల చూపుడు వేళ్లూ ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టి చూపించాడు. పెద్దాయన ఆ వేళ్లను శ్రద్ధగా చూసి, చెవిటివాళ్లు మాట్లాడినట్టు పెద్దగా, "దారం తెగిందా?" అని అడిగాడు.

కొడుకు మొహం తిప్పుకున్నాడు. భాయ్ మాత్రం అవునని తల ఊపాడు. తెగిందని, తనే తెంపానని, అతుకుతానని చేతులతో చెప్పాడు. పెద్దాయనకు ఎంత అర్థమైందో తెలియదు. "సాంచా మీద తెగుతనే ఉంటది, అతుకుతనే ఉండాలె" అని తన ధోరణిలో అన్నాడు.

వాళ్లు చాయ్ పెడుతుంటే నేను ఉండబట్టలేక పక్క సాంచాల షెడ్డు దాకా పోయాను. రెండు గదులు. మధ్య గోడలో ఒక కిటికీ. మొదటి గదిలో నిలబడితే అక్కడి సాంచాల దెబ్బలు దేనికది తెలుస్తున్నాయి, కిటికీలోంచి రెండో గది మోత కొంత వచ్చి కలుస్తోంది. ఆ గోడే లేకపోతే రెండు గదులూ కలిసి ఒకటే హోరు అయ్యేది, ఏ దెబ్బా విడిగా తెలిసేది కాదు. భాయ్ ర్యాంపు కింద చెప్పిందంతా అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. ఆ ఎగుడుదిగుడు లావు దెబ్బలే పెద్దాయన చెవిలో మిగిలిన చోటుకు చేరేవి. మేము సాఫీ చేసి తీసేసింది వాటినే. గోడకు నిలబడి నేను చెయ్యి ఎత్తింది నా చెవులకు నచ్చిందని.

మర్నాడు కారు కోరుట్ల వచ్చింది. కత్తెర కోయవలసిన రోజు.

గ్రైండరు నేను తీసుకున్నాను. నేను కోస్తానన్నాను. భాయ్ ఇవ్వమన్నట్టు చెయ్యి చాచాడు. ఇచ్చేశాను. అతను తొందరపడలేదు. అతుకును ముట్టుకోకుండా, రెండు చివరలా పాత పైపు దగ్గర కోసి, కత్తెరను కత్తెరగానే కిందికి దించాడు. చేత్తో బరువు చూసి మూల మేకుకు తగిలించాడు. "షార్జాల గీ బండికి గిది తీసి అడ్డ పైపు ఏస్తె నన్ను పాగల్ అంటరు" అన్నాడు. అంతే.

ఇక అడ్డ పైపు. వెయ్యడం తేలికే. సరిగ్గా వేశామని తెలిసేదెట్లా? మా చెవులకు అన్నీ వినబడతాయి. పొద్దటి నుంచి షెడ్డులో తిరుగుతూనే ఉన్నాం ఇద్దరం. చివరికి భాయ్ మందుల దుకాణానికి పోయి దూది కట్ట తెచ్చాడు. రెండు చెవుల్లో కుక్కుకున్నాడు. దాని మీద గ్రైండింగు చేసేటప్పుడు పెట్టుకునే చెవిమూతలు బిగించాడు. పైన రుమాలు కట్టాడు. పెద్దాయన చెవులూ దూది పెట్టిన చెవులూ ఒకటి కాదని మాకు తెలుసు. అంతకంటే దగ్గరికి పోయే దారి లేకపోయింది.

అలా వెళ్లి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఎదురుగా చాయ్ కొట్టతను, "ఏం చాచా, ఇంట్ల చాచీతోని లడాయా?" అని అరిచాడు. భాయ్ ఉలకలేదు. వినబడలేదని మాకు సంతోషం కలిగింది.

టాకాల మీద పెట్టిన మొదటి అడ్డ పైపుతో కారు నడిపాను. చెయ్యి లేవలేదు. పైపు లావు ఎక్కువైందేమోనని సన్నది కోశాను. మళ్లీ నడిపాను. అతను సందేహంగా తల అటూ ఇటూ ఆడించాడు. రంగు ఆగిన చోటు నుంచి కాస్త వెనక్కి జరిపి చూశాం. అది పద్ధతి ప్రకారం తప్పు. షార్జాలోనైనా, ఎక్కడైనా తప్పే. బండి బలం కొంచెం తగ్గుతుంది. సిరిసిల్ల అతన్ని అడిగితే, పెళ్లికొడుకులను ఎవడూ రేసుకు తీసుకుపోడని అన్నాడు.

ఈసారి నేను ఇంకా మలుపు దగ్గర ఉండగానే గోడ దగ్గర చెయ్యి లేచింది. నేను నమ్మలేదు. ఇంజను ఆపి, చప్పుడు లేకుండా కొంతసేపు ఆగి, ఉన్నట్టుండి మళ్లీ నడిపాను. మళ్లీ లేచింది. దిగి పోయి భుజం తట్టేదాకా అతను అలాగే చెయ్యి ఎత్తుకుని నిలబడి ఉన్నాడు. దూది తీసి, "చెవులల్ల కాదు పంతులూ, గీడ తెలుస్తది" అని రొమ్ము మీద చూపించాడు.

సాయంత్రానికి వెల్డింగు చేసి ఇచ్చాం. ఇంటి సందు దగ్గరికి చేరగానే ఫోన్ చెయ్యమని భాయ్ సిరిసిల్ల అతనికి మూడుసార్లు చెప్పాడు. మేము షట్టర్ సగం దించి కూర్చున్నాం. ఫోన్ వచ్చింది. "మలుపుకాడ ఉన్న, కట్ చెయ్యకుండ్రి" అన్నాడు. స్పీకరు పెట్టాం. ఇంజను గుడగుడ వినబడింది. చిన్న ఫోన్‌లో అది చప్పుడులా కూడా లేదు, పగిలినట్టుంది. తర్వాత ఇంజను నిదానమైంది. తర్వాత ఇనుప గొళ్లెం లాగిన చప్పుడు. గేటు కిర్రుమంటూ తెరుచుకోవడం. తర్వాత పెద్దాయన గొంతు, బిగ్గరగా: "పొద్దటి సంది యాడ తిరుగుతున్నవ్ రా?"

కొడుకు ఏదో అన్నాడు. అన్నా ఆయనకు వినబడదు. ఫోన్ కట్ అయింది.

భాయ్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. తీసి మళ్లీ చూశాడు, రికార్డు అయిందేమోనని. కాలేదు. షార్జా వాళ్లకు పంపడానికి ఏమీ లేదు. వీడియోలవాళ్లు ఆ తర్వాత, కత్తెర చప్పుడే బాగుండేదని అన్నారట. వీడియో మీద ఎట్లాగూ పాట పెడతారు కదా, చప్పుడెవరు వింటారని సిరిసిల్ల అతను అన్నాడట. ఆ మాట విని భాయ్ చాలా రోజులు నవ్వుకున్నాడు.

పోయిన వానాకాలం భాయ్ చనిపోయాడు. రెండు రోజులు జ్వరమన్నాడు, మూడో రోజు లేడు. మట్టి వేసి వచ్చాక నేను నేరుగా షెడ్డుకు పోయాను. ఎందుకు పోయానో తెలియదు. షట్టర్ సగంలో ఇరుక్కుంది. కొంతసేపు దాని కింద వంగి నిలబడి, వెనక్కి వచ్చేశాను. తర్వాత నెలలోనే షెడ్డు వేరేవాళ్లకు అప్పగించాను. కత్తెరను మాత్రం తెచ్చుకున్నాను. అది ఈ గదిలో కిటికీ పక్కన మేకుకు ఉంది. ఇది రాస్తూ చాలాసార్లు లేచి దాని అతుకు మీద వేలు పెట్టి చూశాను. ఎక్కడా గడ్డ లేదు.

కుర్రవాడికి జవాబు ఇంకా చెప్పలేదు. అతను ఫోన్ చేసినప్పుడు, ఆ కారు ఎవరింటికి పోతుందో, ఆ ఇంట్లో ఎవరుంటారో అడగాలనుకుంటున్నాను. విసుక్కుంటాడేమో.

షెడ్డు తీసుకున్నవాళ్లు మంచివాళ్లే. షట్టర్‌కు గ్రీజు పెట్టించారు, ఒక్క చేత్తో లేస్తోంది. సైలెన్సర్లు డబ్బాల్లో తయారై వస్తాయి, బోల్టులు బిగించి చప్పుడు ఫోన్‌లో కొలిచి ఇస్తారు. బండి ఇచ్చే ముందు అక్కడ ఇప్పుడు ఎవరూ గోడ వైపు తిరిగి నిలబడటం లేదు.